ఒక బిల్లు - రెండు సభలు
(మన పార్లమెంటు శాసనం చేసే విధానము, దాని చరిత్ర)

“బిల్లు పెట్టారు”, “చట్టం వచ్చింది” అనే రెండు మాటలను మనలో చాలామంది ఒకే అర్థంలో వాడుతూ ఉంటారు. పత్రికలో బిల్లు సంగతి పడిందంటే చాలు, ఆ సాయంత్రానికల్లా టీ హోటళ్ళలో చట్టం అయిపోయినట్లే మాట్లాడుకుంటారు. కొందరు భయపడతారు, కొందరు కోపపడతారు, కొందరు “మన చేతుల్లో ఏముంది?” అని ఊరుకుంటారు. నిజానికి బిల్లుకూ చట్టానికీ మధ్య చాలా దూరం ఉన్నది. ఆ దారిలో రెండు పెద్ద గుమ్మాలు ఉన్నాయి. ఒకటి లోక్‌సభ, రెండవది రాజ్యసభ. ఒక్కొక్క గుమ్మం దగ్గర పౌరుడు నిలబడి తన మాట చెప్పుకోవడానికి అవకాశం కలదు. ఆ సంగతి తెలియనివాడు తలుపులు మూసిన తర్వాత వెళ్ళి తడతాడు. తెలిసినవాడు తెరిచి ఉండగానే వెళతాడు.

మన మసీదులు, ఖబరస్తానులు, దర్గాలు, ఈద్గాల భూములు ఏ చట్టం కింద నడవాలో, మన ఆడపిల్లల వివాహ విషయాలలో ఏ శిక్షలు, ఏ హక్కులు ఉండాలో నిర్ణయించేది ఈ రెండు సభలే. కాబట్టి ఇది పరీక్షకు చదువుకునే పౌరశాస్త్రం పాఠం మాత్రమే కాదు. మన ఇంటి సంగతి. అందుచేత ఈ వ్యాసంలో పార్లమెంటు చరిత్రను, పనితీరును వీలైనంత వరకు మనకు సంబంధించిన చట్టాల ఉదాహరణలతోనే చెప్పే ప్రయత్నం చేస్తాను.

ఒక్క సభ ఉన్న రోజులు

బ్రిటిషువారి కాలంలో మొదట కేంద్రంలో ఒకే ఒక్క శాసనమండలి ఉండేది. గవర్నర్ జనరల్ దానికి అధ్యక్షుడు. 1861 చట్టంతో కొద్దిమంది భారతీయులను అందులో నామినేట్ చేయడం మొదలైంది. 1909 నాటి మింటో-మార్లే సంస్కరణలతో కొందరు సభ్యులు ఎన్నికై రాసాగారు. కాని అధికారుల సంఖ్యే ఎక్కువ. సభ్యులు మాట్లాడవచ్చును, నిర్ణయం మాత్రం దొరవారిది.

ఆ ఒక్క సభలోనే మన వక్ఫుల చరిత్రలో ఒక ముఖ్యమైన ఘట్టం జరిగింది. 1894లో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ ఒక తీర్పు చెప్పింది. ఒక మనిషి తన ఆస్తిని వక్ఫు చేసి, ఆదాయం ప్రధానంగా తన సంతానానికి చెందాలని, పేదలకు ఎప్పుడో దూరకాలంలో చెందాలని వ్రాస్తే ఆ వక్ఫు చెల్లదు అని ఆ తీర్పు సారాంశం. తరతరాలుగా వస్తున్న వక్ఫ్-అలల్-ఔలాద్ అనే ఏర్పాటుకే దీనితో ముప్పు వచ్చింది. దేశమంతటా ముస్లిములలో ఆందోళన కలిగింది. 1911లో బొంబాయి ముస్లిముల స్థానం నుండి ఎన్నికైన సభ్యుడు మహమ్మద్ అలీ జిన్నా ఆ తీర్పును సవరించేందుకు బిల్లు ప్రవేశపెట్టారు. అది ప్రభుత్వ బిల్లు కాదు, ఒక సభ్యుడి బిల్లు. దానిని ప్రజాభిప్రాయం కోసం రాష్ట్రాలకు పంపారు. ఈలోగా జిన్నాగారి సభ్యత్వ కాలం ముగిసింది. ఆ బిల్లును దగ్గర ఉండి నడిపించడం కోసమే ఆయనను మళ్ళీ ప్రత్యేకంగా నామినేట్ చేశారు. 1913 మార్చిలో అది చట్టమైనది. తర్వాతి రాజకీయాలలో ఆయన పట్టిన దారి వేరు, దాని ఫలితాలు చరిత్రకు తెలుసు. కాని తీర్పు ఒకటి ఎదురైనప్పుడు దానిని శాసనం ద్వారా మార్చుకోవచ్చునని మనవాళ్ళు నేర్చుకున్నది ఆ బిల్లుతోనే.

అయితే అందులో ఒక లోపం మిగిలింది. 1913కు ముందు వ్రాసిన వక్ఫులకు ఆ చట్టం వర్తించదని న్యాయస్థానాలు చెప్పాయి. ఆ లోపం తీర్చడానికి 1930లో మరొక చట్టం కావలసి వచ్చింది. ఒక్క మాట సరిగా వ్రాయకపోతే సరిదిద్దడానికి పదిహేడేళ్ళు పట్టింది! బిల్లులోని ప్రతి క్లాజునూ జాగ్రత్తగా చదవాలని పెద్దలు చెప్పేది ఇందుకే.

రెండు సభలు వచ్చిన వైనం

1919 నాటి మాంటేగు-చెమ్స్‌ఫర్డ్ సంస్కరణలతో కేంద్రంలో మొదటిసారిగా రెండు సభలు ఏర్పడ్డాయి. పై సభ పేరు కౌన్సిల్ ఆఫ్ స్టేట్, 60 మంది సభ్యులు. క్రింది సభ పేరు సెంట్రల్ లెజిస్లేటివ్ అసెంబ్లీ, 145 మంది సభ్యులు. 1921 నుండి ఇవి పనిచేయసాగాయి. ఓటు హక్కు బాగా ఆస్తి ఉన్నవాళ్ళకే గనుక సామాన్యుడికి వీటిలో చోటు లేదు. ముఖ్యంగా పై సభ జమీందారుల, ధనవంతుల సభగానే ఉండేది. అయినా క్రింది సభలో మహామహులు మాట్లాడారు. 1925లో విఠల్‌భాయి పటేల్ ఆ సభకు ఎన్నికైన తొలి భారతీయ అధ్యక్షుడయ్యారు. 1935 నుండి 1945 దాకా సర్ అబ్దుర్ రహీం ఆ పీఠం మీద ఉన్నారు. ఢిల్లీలోని గుండ్రని పార్లమెంటు భవనం 1927 జనవరి 18న ప్రారంభమైనది ఈ సభల కోసమే.

1937 నాటి షరియత్ చట్టం, 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం ఈ రెండు సభల ద్వారానే వచ్చాయి. భర్త నాలుగేళ్ళుగా ఆచూకీ లేకపోయినా, రెండేళ్ళు పోషణ ఇవ్వకపోయినా భార్య కోర్టుకు వెళ్ళి విడుదల పొందవచ్చునని 1939 చట్టం చెప్పింది. ఆ రోజులలో ఎందరో దిక్కులేని స్త్రీలకు అది ఆసరా అయింది.

1947లో స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత కొన్నాళ్ళు మళ్ళీ ఒకే సభ. రాజ్యాంగ సభే పార్లమెంటు పని కూడా చేసింది. కొత్త రాజ్యాంగంలో రెండవ సభ ఉండాలా వద్దా అని 1947 జులైలో అక్కడ చర్చ జరిగింది. ‘పై సభ దండుగ, పనికి అడ్డం, సామ్రాజ్యవాదుల అలవాటు’ అని కొందరు వాదించారు. ఎన్. గోపాలస్వామి అయ్యంగారు దీనికి జవాబు చెబుతూ, ఒక్కొక్కప్పుడు ఆవేశంలో తొందరపడి చేసే చట్టాలను కొంత ఆపి, ఆలోచించే వ్యవధి ఇవ్వడానికి, అనుభవజ్ఞుల మాట వినడానికి రెండవ సభ కావాలన్నారు. అంతేగాని క్రింది సభకు శాశ్వతంగా అడ్డు తగలడానికి కాదని కూడా స్పష్టం చేశారు. మన రాజ్యసభ స్వభావం మొత్తం ఆ వాదనలోనే ఉన్నది. అది ఆపగలదు, ఆలోచింపజేయగలదు, సవరించగలదు. కాని ఎల్లకాలం అడ్డుపడలేదు.

మొదటి సాధారణ ఎన్నికల తర్వాత 1952 మే 13న రెండు సభలూ సమావేశమైనాయి. 1954లో వాటికి లోక్‌సభ, రాజ్యసభ అనే పేర్లు స్థిరపడ్డాయి. 2023 మే 28న కొత్త భవనం ప్రారంభమైనది. ఆ సెప్టెంబరు 19 నుండి సభలు అందులో జరుగుతున్నాయి. పాత భవనానికి ‘సంవిధాన్ సదన్’ అని పేరు పెట్టారు.

ఎవరు, ఎందరు, ఎలా?

లోక్‌సభలో ఎన్నికైన సభ్యుల స్థానాలు 543. వీరిని 18 ఏళ్ళు నిండిన ఓటర్లందరూ నేరుగా ఎన్నుకుంటారు. గడువు 5 సంవత్సరాలు. మధ్యలో రద్దు కూడా కావచ్చు. ఆంగ్లో-ఇండియన్లకు ఇద్దరిని నామినేట్ చేసే పద్ధతి 2020తో ఆగిపోయింది. ఆంధ్రప్రదేశ్ నుండి 25 మంది, తెలంగాణ నుండి 17 మంది లోక్‌సభకు వెళతారు.

రాజ్యసభలో 245 మంది. వీరిలో 233 మందిని రాష్ట్రాల, కొన్ని కేంద్రపాలిత ప్రాంతాల శాసనసభ్యులు ఎన్నుకుంటారు. సాహిత్యం, శాస్త్రం, కళలు, సంఘసేవలలో పేరున్న 12 మందిని రాష్ట్రపతి నామినేట్ చేస్తారు. ఆంధ్రప్రదేశ్‌కు 11, తెలంగాణకు 7 స్థానాలు. రాజ్యసభకు రద్దు అనేది లేదు. సభ్యుని గడువు 6 ఏళ్ళు, రెండేళ్ళకొకసారి మూడవ వంతు మంది దిగిపోయి కొత్తవారు వస్తారు. పారే నదిలో నీరు మారుతూ ఉంటుంది గాని నది ఆగదు, అలాగన్నమాట.

లోక్‌సభ సభ్యుడికి కనీసం 25 ఏళ్ళు, రాజ్యసభ సభ్యుడికి 30 ఏళ్ళు ఉండాలి. సభలో పదవ వంతు మంది ఉంటేనే కోరం. లోక్‌సభను స్పీకరు నడుపుతారు. రాజ్యసభకు ఉపరాష్ట్రపతి ఛైర్మన్. మన తెలుగు ప్రాంతం నుండి మాడభూషి అనంతశయనం అయ్యంగారు, నీలం సంజీవరెడ్డిగారు, జి.ఎం.సి. బాలయోగిగారు స్పీకరు పీఠాన్ని అలంకరించారు.

రాజ్యసభ పీఠం విషయానికి వస్తే డాక్టర్ జాకీర్ హుస్సేన్ సాహెబును తలచుకోవాలి. ఆయన 1897లో హైదరాబాదులో పుట్టారు. 1952లో రాజ్యసభకు నామినేటెడ్ సభ్యులుగా వచ్చారు. పదేళ్ళ తర్వాత 1962లో అదే సభకు ఛైర్మన్ అయ్యారు. 1967లో రాష్ట్రపతి అయ్యారు. జస్టిస్ హిదాయతుల్లాగారు, హమీద్ అన్సారీగారు కూడా ఆ పీఠం మీద కూర్చున్నవారే. నజ్మా హెప్తుల్లాగారు చాలా ఏళ్ళు డిప్యూటీ ఛైర్మన్‌గా సభను నడిపించారు. మన పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, ఈ పేర్లు చెప్పవలసిన అవసరం ఉన్నది.

బిల్లు నడిచే దారి

ఇక బిల్లు ప్రయాణం చూద్దాము. మంత్రి పెడితే ప్రభుత్వ బిల్లు, మంత్రి కాని సభ్యుడు ఎవరు పెట్టినా ప్రైవేటు మెంబరు బిల్లు. ద్రవ్య బిల్లు మాత్రం లోక్‌సభలోనే మొదలు కావాలి. మామూలు బిల్లు ఏ సభలోనైనా పెట్టవచ్చు.

ఒక్కొక్క సభలో బిల్లుకు మూడు పఠనాలు ఉంటాయి. మొదటి పఠనం అంటే ప్రవేశపెట్టడం. సభ అనుమతితో బిల్లు ప్రవేశపెడతారు, గెజెట్‌లో అచ్చు వేస్తారు. మన టీ హోటలులో “చట్టం వచ్చేసిందట” అనేది ఈ మెట్టు దగ్గరే! అసలు కథ అప్పటికి మొదలైందంతే.

రెండవ పఠనమే ప్రాణం. ముందు బిల్లు ఉద్దేశం మీద చర్చ. ఇక్కడ సభ ముందు కొన్ని దారులు ఉంటాయి. వెంటనే చర్చకు తీసుకోవచ్చు, ఆ సభ సభ్యులతో కూడిన సెలెక్ట్ కమిటీకి పంపవచ్చు, రెండు సభల సభ్యులుండే సంయుక్త కమిటీకి పంపవచ్చు, ప్రజాభిప్రాయం కోసం తిప్పవచ్చు. ఇవి కాక 1993 నుండి శాఖలవారీ స్టాండింగ్ కమిటీలు వచ్చాయి. ఇప్పుడు అవి 24. ఒక్కొక్కదానిలో 31 మంది, లోక్‌సభ నుండి 21, రాజ్యసభ నుండి 10. కమిటీ తిరిగి వచ్చాక సభలో ఒక్కొక్క క్లాజు తీసుకుని, సవరణలు తీసుకుని, ఓటు వేస్తారు.

మూడవ పఠనంలో మొత్తం బిల్లును ఒప్పుకోవడమా, తోసివేయడమా అన్నదే. ముందు నోటి ఓటు. ఎవరైనా పట్టుబడితే లెక్కపెట్టే ఓటింగు.

ఒక సభ దాటిన బిల్లు రెండవ సభకు వెళ్ళి మళ్ళీ ఈ మెట్లన్నీ ఎక్కాలి. రెండు సభలూ ఒకే రూపంలో ఒప్పుకుంటేనే రాష్ట్రపతి దగ్గరకు వెళుతుంది. రాష్ట్రపతి సమ్మతించవచ్చు, లేదా మళ్ళీ ఆలోచించమని ఒకసారి వెనక్కి పంపవచ్చు. సభలు రెండవసారి కూడా ఒప్పుకుంటే సమ్మతించి తీరాలి. కాని ఎన్నాళ్ళలోగా నిర్ణయించాలో రాజ్యాంగంలో వ్రాయలేదు. 1986లో తపాలా సవరణ బిల్లు రెండు సభలూ దాటింది. మన ఉత్తరాలను తెరిచే అధికారం ప్రభుత్వానికి ఎక్కువగా ఇస్తున్నదని విమర్శ వచ్చింది. రాష్ట్రపతి జైల్‌సింగ్‌గారు దాని మీద సంతకం పెట్టలేదు, వెనక్కి పంపనూ లేదు. చివరకు 2002లో ఆ బిల్లును ఉపసంహరించారు.

సంతకం అయిన తర్వాత కూడా చాలా చట్టాలకు ఒక మెట్టు మిగిలి ఉంటుంది. ఫలానా తేదీ నుండి అమలు అని ప్రభుత్వం గెజెట్‌లో ప్రకటించాలి. 1984లో వక్ఫ్ చట్టానికి సవరణ చట్టం చేశారు. మన సమాజం నుండి అభ్యంతరాలు రావడంతో దానిలో చాలా భాగం అమలులోకే రాలేదు. చట్టాల పుస్తకంలో ఉండి కూడా అది నడవని బండి అయింది. 1995లో కొత్త వక్ఫ్ చట్టం వచ్చేదాకా అదే స్థితి.

సభలకు పేచీ వస్తే

రెండు సభలూ ఒప్పుకోకపోతే? ద్రవ్య బిల్లు అయితే పేచీయే లేదు. రాజ్యసభ 14 రోజులలో తిరిగి పంపాలి, సలహాలు చెప్పవచ్చు, లోక్‌సభ వినవచ్చు, వినకపోవచ్చు. ఏది ద్రవ్య బిల్లో స్పీకరు నిర్ణయిస్తారు. మంత్రివర్గం కూడా లోక్‌సభకే జవాబుదారీ. అవిశ్వాస తీర్మానం అక్కడే.

మామూలు బిల్లును రెండవ సభ తోసిపుచ్చినా, సవరణల మీద రాజీ కుదరకపోయినా, ఆరు నెలలు దాటినా, రాష్ట్రపతి ఉభయసభలను కలిపి సమావేశపరచవచ్చు. ఇంత పెద్ద చరిత్రలో ఇలా శాసనం కోసం జరిగినది మూడుసార్లే. 1961 మేలో వరకట్న నిషేధ బిల్లు కోసం, 1978 మేలో బ్యాంకింగ్ సర్వీస్ కమిషన్ రద్దు బిల్లు కోసం, 2002 మార్చి 26న ఉగ్రవాద నిరోధక బిల్లు కోసం.

వీటిలో మొదటిదీ మూడవదీ మన ఇళ్ళకు బాగా తెలిసినవి. 1961లో కట్నం అనే మాటకు నిర్వచనం ఎలా ఉండాలన్న దగ్గర సభలకు తేడా వచ్చింది. చివరకు వచ్చిన చట్టంలో ఒక మాట వ్రాశారు. షరియత్ వర్తించే వారి విషయంలో మెహర్ అనేది కట్నం కాదు అని. పెళ్ళికొడుకు పెళ్ళికూతురికి ఇచ్చే మెహర్‌ను, పెళ్ళికూతురి తండ్రి దగ్గర పిండుకునే ‘జోడే కీ రకమ్’ను శాసనం వేరు చేసి చూసింది. చట్టం చూసిన ఆ తేడాను మన పెళ్ళిళ్ళు ఎంతవరకు పాటిస్తున్నాయో ఎవరికి వారే ఆలోచించుకోవాలి.

2002లో ఉగ్రవాద నిరోధక బిల్లును లోక్‌సభ ఒప్పుకున్నది, రాజ్యసభ తోసిపుచ్చింది. సంయుక్త సమావేశంలో 425-296 ఓట్లతో నెగ్గింది. లోక్‌సభ సంఖ్య పెద్దది గనుక కలిసి కూర్చుంటే సాధారణంగా దానిదే పైచేయి. ఆ చట్టాన్ని మళ్ళీ 2004లో రద్దు చేశారు. చట్టం చేసిన చేతులే చట్టం తీయగలవు.

రాజ్యాంగ సవరణకు మాత్రం సంయుక్త సమావేశం లేదు. రెండు సభలూ విడివిడిగా, మొత్తం సభ్యులలో సగానికి మించి, హాజరై ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతులకు తగ్గకుండా ఒప్పుకోవాలి. 1970 సెప్టెంబరులో రాజుల భరణాల రద్దు బిల్లు లోక్‌సభ దాటి రాజ్యసభకు వచ్చింది. అనుకూలం 149, వ్యతిరేకం 75. మొత్తం 224లో మూడింట రెండు వంతులంటే 149 మీద మరి కాస్త. ఆ కాస్త తక్కువై బిల్లు పడిపోయింది! మరుసటి సంవత్సరం ఎన్నికల తర్వాత మరొక సవరణతో ఆ పని పూర్తయింది. ఒక్క ఓటుతో ఏమవుతుందిలే అనేవారికి ఇదే జవాబు.

లోక్‌సభ రద్దయితే అక్కడ ఉన్న బిల్లులు, అది ఒప్పుకుని రాజ్యసభలో నిలిచిపోయిన బిల్లులు కూడా రద్దవుతాయి. ముమ్మారు తలాక్ బిల్లు 2017 డిసెంబరులో లోక్‌సభ దాటి రాజ్యసభలో ఆగింది. 2018లో ఆర్డినెన్సు వచ్చింది, మళ్ళీ బిల్లు పెట్టారు, అదీ ఆగింది. 2019లో పాత లోక్‌సభతోపాటు ఆ బిల్లు పోయింది. కొత్త లోక్‌సభ మళ్ళీ మొదటినుండి మొదలుపెట్టి జులై 25న ఒప్పుకుంటే, జులై 30న రాజ్యసభ 99-84 ఓట్లతో ఆమోదించింది. ఆ చట్టం మంచిచెడ్డల గురించి మనలో రకరకాల అభిప్రాయాలు ఉన్నాయి. ఇక్కడ గమనించవలసింది, ఏడాదిన్నర పాటు అదే బిల్లు రెండవ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నది అన్న సంగతి.

వక్ఫ్ చట్టాలు నేర్పిన పాఠం

స్వతంత్ర భారతంలో పార్లమెంటు ఆమోదించిన మొట్టమొదటి ప్రైవేటు మెంబరు బిల్లు ఏదో తెలుసా? ముస్లిం వక్ఫుల బిల్లు! సయ్యద్ మహమ్మద్ అహ్మద్ కాజ్మీ అనే సభ్యుడు 1952లో లోక్‌సభలో ప్రవేశపెట్టారు. అది రెండు సభలూ దాటి 1954 మే 21న రాష్ట్రపతి సమ్మతి పొందింది. వక్ఫులను సర్వే చేయాలని, జాబితాలు గెజెట్‌లో ప్రకటించాలని, బోర్డులు ఉండాలని చెప్పినది ఆ చట్టమే. శుక్రవారం మధ్యాహ్నం ప్రైవేటు మెంబర్ల బిల్లులకు కేటాయించే కొద్ది గంటల సమయంలో ఎన్నో బిల్లులు వస్తుంటాయి. కాని ఇన్నేళ్ళలో చట్టమైనవి 14 మాత్రమే. చివరిది 1970లో. ఆ 14లో మొదటిది మన వక్ఫులది కావడం గర్వించదగినదే.

రెండవ సభ వలన కలిగే లాభం చూడాలంటే 2010 నాటి వక్ఫ్ సవరణ బిల్లును చూడాలి. అప్పటికి రాజ్యసభ డిప్యూటీ ఛైర్మన్ కె. రహమాన్ ఖాన్‌గారి అధ్యక్షతన సంయుక్త కమిటీ వక్ఫుల దుస్థితి మీద 2008లో నివేదిక ఇచ్చి ఉన్నది. 2010 మేలో లోక్‌సభ బిల్లును ఒప్పుకున్నది. ముస్లిం సంస్థలు కొన్ని క్లాజుల మీద అభ్యంతరం చెప్పాయి. అప్పుడు రాజ్యసభ దానిని గబగబా ఒప్పుకోకుండా తన సెలెక్ట్ కమిటీకి పంపింది. కమిటీ 2011 డిసెంబరులో నివేదిక ఇచ్చింది. బిల్లు మారిన రూపంలో 2013 ఆగస్టులో రాజ్యసభ దాటి, సెప్టెంబరులో మళ్ళీ లోక్‌సభ ఒప్పుకోగా చట్టమైనది. వక్ఫు ఆస్తిని అమ్మినా, దానం ఇచ్చినా, తాకట్టు పెట్టినా ఆ లావాదేవీ మొదటినుండే చెల్లదని 2013 చట్టం చెప్పింది. అలా చేసినవారికి రెండేళ్ళ దాకా జైలు శిక్ష కూడా పెట్టింది. మూడేళ్ళు ఆలస్యం అయింది, నిజమే. కాని గోపాలస్వామి అయ్యంగారు 1947లో చెప్పిన ‘ఆగి ఆలోచించడం’ అంటే ఇదే.

ఇక ఇటీవలి సంగతి. 2024 ఆగస్టు 8న మరొక వక్ఫ్ సవరణ బిల్లు లోక్‌సభలో ప్రవేశపెట్టారు. వెంటనే తీవ్రమైన అభ్యంతరాలు రావడంతో 31 మంది సభ్యుల సంయుక్త కమిటీకి పంపారు. దేశం నలుమూలల నుండి లక్షలాది వినతులు వచ్చాయి. కమిటీలోని ప్రతిపక్ష సభ్యులు అసమ్మతి పత్రాలు ఇచ్చారు. 2025 ఏప్రిల్ 2న చర్చ మొదలై, అర్ధరాత్రి దాటాక లోక్‌సభలో 288-232 ఓట్లతోను, మరునాటి రాత్రి గడిచి తెల్లవారుజామున రాజ్యసభలో 128-95 ఓట్లతోను ఆమోదం పొందింది. ఏప్రిల్ 5న రాష్ట్రపతి సమ్మతించారు. విషయం సుప్రీంకోర్టుకు వెళ్ళగా 2025 సెప్టెంబరు 15న కొన్ని నిబంధనలను తాత్కాలికంగా నిలిపివేస్తూ ఉత్తర్వు వచ్చింది. అంటే రెండు సభలు దాటిన తర్వాత కూడా రాజ్యాంగం అనే మూడవ గీటురాయి ఒకటి ఉన్నది.

ఈ రెండు బిల్లుల కథ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. కమిటీకి వెళ్ళినంత మాత్రాన కోరినది జరుగుతుందని కాదు. 2010లో మారింది, 2025లో చాలామంది కోరినట్లు మారలేదు. సభలో సంఖ్యాబలం ఎటు ఉంటే నిర్ణయం అటు. అయినా కమిటీ ముందు చెప్పిన మాట, ఇచ్చిన కాగితం ఊరికే పోదు. అది రికార్డులో నిలుస్తుంది. రేపు కోర్టులో వాదనకు, ఎల్లుండి మరొక సవరణకు అదే పునాది. చెప్పని మాటకు మాత్రం ఏ రికార్డూ ఉండదు.

మన రాష్ట్రాల సంగతి

రెండు సభల పద్ధతి మన రాష్ట్రాలలోనూ ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో 1958లో శాసనమండలి ఏర్పడింది. 1985లో రద్దయింది, 2007లో తిరిగి వచ్చింది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ మండలిలో 58, తెలంగాణ మండలిలో 40 స్థానాలు. కాని రాజ్యసభకూ శాసనమండలికీ పోలిక పెట్టరాదు. శాసనమండలి ఒక బిల్లును మొత్తం మీద నాలుగు నెలల కంటె ఆపలేదు. సంయుక్త సమావేశం అనేదే అక్కడ లేదు. రాజ్యసభను ఎవరూ రద్దు చేయలేరు. శాసనమండలిని తీసివేసే తీర్మానం శాసనసభ చేస్తే పార్లమెంటు చట్టం ద్వారా తీసివేయవచ్చు.

మనం చేయగలిగినది

ఒక బిల్లు మన జీవితాలకు సంబంధించినదని తెలిసినప్పుడు నాలుగు పనులు చేయవచ్చును.

మొదటిది, బిల్లు ప్రతిని తెప్పించి చదవాలి. ఎవరో చెప్పినది కాదు, అచ్చైనది చదవాలి. చివరలో ‘ఉద్దేశాలు, కారణాలు’ అనే భాగం ఉంటుంది. ముందు అది చూస్తే బిల్లు ఎందుకు తెచ్చారో తెలుస్తుంది. మన ఊరిలో ఒక వకీలుసాబుని, ఒక ఉపాధ్యాయుణ్ణి కూర్చోబెట్టి ఒక సాయంత్రం చదివించుకుంటే చాలు.

రెండవది, కమిటీకి పంపారా లేదా కనుక్కోవాలి. పంపితే సాధారణంగా పత్రికలలో ప్రకటన ఇచ్చి, కొద్ది రోజుల గడువులో అభిప్రాయాలు కోరతారు. ఇంగ్లీషులోగాని హిందీలోగాని వ్రాసి పంపాలి. ‘మేము వ్యతిరేకిస్తున్నాము’ అని వంద సంతకాలు పెట్టడం కంటె, ‘ఫలానా క్లాజులో ఫలానా మాట వలన మా ఊరి ఖబరస్తానుకు ఈ నష్టం’ అని ఒక్క పేజీ వ్రాయడం మేలు.

మూడవది, మన లోక్‌సభ సభ్యునికి మాత్రమే కాక మన రాష్ట్రపు రాజ్యసభ సభ్యులకు కూడా వ్రాయాలి. వారికి మనం నేరుగా ఓటు వేయకపోయినా వారు మన రాష్ట్రపు ప్రతినిధులే. ఈ రెండవ గుమ్మాన్ని మనవాళ్ళు చాలాసార్లు మరచిపోతారు.

నాలుగవది, చట్టమైన తర్వాత కూడా కళ్ళు తెరిచే ఉండాలి. చట్టం కింద ప్రభుత్వం నియమాలు చేస్తుంది. ఆ నియమాలు కూడా పార్లమెంటు ముందు పెట్టవలసినవే. ఆఫీసులలో పని నడిచేది నియమాలతోనే గనుక రిజిస్ట్రేషను గడువులు, అప్పీలు గడువులు తెలుసుకోకపోతే నష్టపోయేది మనమే.

వక్ఫ్ కాగితాలు బీరువాలలో చెదలు పడుతుంటే, ఢిల్లీలో ఏ బిల్లు వచ్చినా మనకు రక్షణ ఉండదు. అలాగే కాగితాలు ఎంత భద్రంగా ఉన్నా, బిల్లు వచ్చినప్పుడు నోరు విప్పకపోతే ఆ కాగితాల విలువే మారిపోవచ్చు. రెండూ మన బాధ్యతలే.

సంఘ సభ్యులకు, కుటుంబాలకు నా మనవి ఒకటే. ఇంటర్, డిగ్రీ చదివే మన అమ్మాయిలు అబ్బాయిలు ఈ సంచిక చదివితే, పార్లమెంటు సమావేశాలు జరిగే రోజులలో ఆ వారం రెండు సభలలో ఏ బిల్లులు ఉన్నాయో చూసి ఇంట్లో పెద్దవాళ్ళకు చెప్పండి. నానమ్మకు అర్థమయ్యేలా చెప్పగలిగితే మీకు అర్థమైనట్లే. ఖురాన్ షరీఫ్ మనకు మషూరా, అంటే పదిమందితో ఆలోచించి నిర్ణయించుకోవడం నేర్పింది. ఈ దేశపు పెద్ద మషూరా జరిగే చోట మన మాట కూడా, సమయం మించకముందే, వినబడాలి.